ఇంట్లో ఎవరూ ఒప్పుకోని సలహాలు

డిగ్రీ అయిపోయిన యానాం పిల్లలకు సలహాలకేం కొదవ లేదు. బ్యాంకు పరీక్షలు రాయమంటారు, గ్రూప్స్‌కి కూర్చోమంటారు, హైదరాబాదు పోయి ఏదో ఒక కంప్యూటర్ కోర్సు పట్టమంటారు. ఆర్కైవిస్టునవుతానంటే మాత్రం "అదేం ఉద్యోగం, పాత కాగితాలు చూసుకోవడమా?" అని అడుగుతారు. అవును, అదే. కచేరీలూ కోర్టులూ చర్చిలూ ఇళ్లూ మిగిల్చిన కాగితాల్లో ఏది ఉండాలో తేల్చి, చెడిపోకుండా కాపాడి, జాబితా రాసి, యాభై ఏళ్ల తర్వాత ఎవరో వచ్చి అడిగితే సరైన కాగితం చేతికివ్వడం. ఆ పని మీద మనసు పడ్డవాళ్ల కోసం ఈ సలహాలు. పెద్దవాళ్లు చెప్పేవాటికి ఇవి చాలావరకు అడ్డంగానే ఉంటాయి. అయినా ప్రతి మాటా నమ్మే రాస్తున్నాను.

ఉద్యోగం సంగతి తర్వాత, ముందు ఫ్రెంచి

నోటిఫికేషన్ పడ్డాక చదవొచ్చులే అనుకోవడం మనకు అలవాటు. ఈ రంగంలో నోటిఫికేషన్లు ఎప్పుడో గానీ పడవు. పడ్డాక మూడు నెలల్లో నేర్చుకుని గట్టెక్కే చదువూ కాదు ఇది. ఫ్రెంచివాళ్లు యానాంలో 1723లో వర్తక స్థావరం పెట్టారు, నాలుగేళ్లకే ఎత్తేశారు, 1731లో మళ్లీ వచ్చారు. మధ్య మధ్య ఇంగ్లీషువాళ్లు ఊరిని పట్టుకున్న కాలాలు తీసేస్తే, 1954 నవంబరు 1న మన చేతికి వచ్చేదాకా ఇక్కడి సర్కారు కాగితం నడిచింది ఫ్రెంచిలోనే. దొరల భాష ఇప్పుడెందుకని ఇంట్లో అంటారు. మీ ముత్తాత ఎప్పుడు పుట్టాడో రాసి ఉన్నది ఆ భాషలోనే అని చెప్పు.

దీనికి ముందుగా ఫీజు కట్టి ఎక్కడో చేరక్కర్లేదు. ఫ్రాన్సులో ఎక్స్-అన్-ప్రొవాన్స్ అనే ఊళ్లో పూర్వపు ఫ్రెంచి వలసల రికార్డులన్నిటికీ కలిపి ఒక ఆర్కైవ్స్ ఉంది. జనన, వివాహ, మరణ రిజిస్టర్ల స్కానులను వాళ్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. యానాం రిజిస్టర్లు కూడా అందులో ఉన్నాయి. రోజుకో పేజీ తెరిచి నోటుపుస్తకంలో ఎత్తి రాసుకో. జనన నమోదు ఎప్పుడూ ఒకే వరసలో నడుస్తుంది: సంవత్సరం, నెల, రోజు, గంట, ఎవరి ఎదుట, ఎవరు వచ్చి చెప్పారు, వాళ్ల వయసు, వృత్తి, నివాసం, బిడ్డ పేరు, సాక్షులు, సంతకాలు. అంకెలు వెయ్యకుండా తేదీ మొత్తం అక్షరాల్లో రాస్తారు. కొన్ని పేజీలు గడిచేసరికి ఆ మూస చేతికి దొరుకుతుంది, పేర్లు మాత్రమే మారుతుంటాయి. మన ఇంటిపేర్లను ఫ్రెంచి గుమాస్తా తన చెవికి వినబడ్డట్టు రాసుకున్నాడు కాబట్టి, ఒక్కో కుటుంబానికి ఎన్ని రకాల స్పెల్లింగులు దొరుకుతాయో పక్కన రాసుకుంటూ పో. ఆ పట్టిక ముందుముందు నీకున్న ఏ సర్టిఫికెట్టు కన్నా ఎక్కువ పనికొస్తుంది.

అక్కడితో ఆగకు. మన భాషే మనకు అడ్డం పడే చోట్లున్నాయి. పాత లెక్కల పుస్తకాల్లో గొలుసుకట్టు రాత ఉంటుంది. కలం ఎత్తకుండా ఒక మాటలోంచి ఇంకో మాటలోకి సాగిపోయే ఆ రాతను తెలుగు ఎమ్మే చేసినవాళ్లు కూడా చాలామంది చదవలేరు. భిన్నాలకు వేరే గుర్తులున్నాయి. ధాన్యం లెక్క పుట్లు, తూములు, కుంచాల్లో ఉంటుంది: ఇరవై తూములు పుట్టి, నాలుగు కుంచాలు తూము. తేదీల సంగతి ఇంకొకటి. 1930 ఏప్రిల్‌లో పుట్టిన కాగితం ఒకదాని మీద ఇంగ్లీషు తేదీ ఉంటుంది, గోదావరి జిల్లా కరణం లెక్కలో ఫసలీ 1339 అని ఉంటుంది, ఇంటి పత్రం మీద ప్రమోదూత నామ సంవత్సరం చైత్ర మాసం అని ఉంటుంది. మూడూ ఒకే నెలకు సరిపోతాయని చూడగానే చెప్పగలగాలి. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, జులై ఒకటిన మారుతుంది. అరవై సంవత్సరాల పేర్లు మీ నాయనమ్మకు కంఠతా వచ్చేవి, నువ్వూ పట్టు.

చదువు విషయానికొస్తే, చరిత్రలో ఎమ్మే దారి సుగమం చేస్తుంది. దిల్లీలో జాతీయ ఆర్కైవ్స్ కింద ఉన్న స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్ పీజీ చేసినవాళ్లకు ఏడాది డిప్లొమా నడుపుతూ వచ్చింది. పాత కాగితం మరమ్మతు, రికార్డుల నిర్వహణ లాంటివాటిలో చిన్న చిన్న కోర్సులూ పెట్టింది. దిల్లీ దూరమని వెనకాడొద్దు.

చరిత్ర పుస్తకం మూసి చట్టం తెరువు

ఫ్రెంచి గవర్నరు డూప్లే ఏ యుద్ధంలో గెలిచాడో తెలియకపోయినా ఈ ఉద్యోగం చెయ్యొచ్చు. 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం తెలియకుండా చెయ్యలేవు. ఆ చట్టం కేంద్ర ప్రభుత్వ కచేరీలతోపాటు కేంద్రపాలిత ప్రాంతాల పాలనకూ వర్తిస్తుంది. అంటే పుదుచ్చేరిలో భాగమైన యానాంకు వర్తిస్తుంది, వంతెన దాటి ఎదుర్లంకలో అడుగుపెడితే అక్కడ ఆంధ్ర రాష్ట్రం పద్ధతి. రికార్డులు పుట్టే ప్రతి కచేరీకీ ఒక రికార్డు అధికారిని నియమించాలని ఆ చట్టం చెబుతుంది. 1892కు ముందు పుట్టిన ప్రభుత్వ కాగితాన్ని, అది ఇక దేనికీ పనికిరానంతగా పాడైందని ఆర్కైవ్స్ అధిపతి తేలిస్తే తప్ప, నాశనం చెయ్యకూడదు. చట్టాన్ని మీరి రికార్డును నాశనం చేసినవాళ్లకు అయిదేళ్ల దాకా జైలు, పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. బీరువా ఖాళీ చెయ్యమని ఎవరైనా అటెండరును పురమాయిస్తే, "సార్, ఒక్కసారి ఈ సెక్షను చూడండి" అని మర్యాదగా కాగితం ముందు పెట్టగలగాలి. నీ చేతిలో ఉన్న బలం అదొక్కటే.

అలాగే దస్త్రాల మీద గుమాస్తాలు వేసిన గుర్తులు నేర్చుకో. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి పద్ధతిలో నడిచిన ఆంధ్ర కచేరీల్లో ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచాల్సింది, ఎల్.డిస్. అంటే ఏడాదికి తీసెయ్యదగ్గది. కేంద్రం పద్ధతిలో ఎ, బి, సి తరగతులుంటాయి. ఒక గుమాస్తా ఎప్పుడో కొట్టిన ఆ ముద్రే దస్త్రం ఆయుష్షు నిర్ణయించింది.

సర్దకు

ఇది వింటే అమ్మలందరికీ కోపం వస్తుంది. చిందరవందరగా ఉన్న రికార్డు గదిలోకి అడుగుపెట్టగానే చేతులు దురద పెడతాయి: భూమి కాగితాలన్నీ ఒక చోట, పెళ్లిళ్లవన్నీ ఒక చోట, తేదీల వరసన పెట్టేద్దామని. చెయ్యొద్దు. 1841 ఏప్రిల్ 24న ఫ్రెంచి ప్రభుత్వం తన జిల్లా ఆర్కైవ్స్‌కు ఒక సర్క్యులర్ పంపింది. ఒక కచేరీ నుంచి, ఒక సంస్థ నుంచి, ఒక కుటుంబం నుంచి వచ్చిన కాగితాలను కలిపే ఉంచండి, ఇంకోచోటి నుంచి వచ్చినవాటితో కలపొద్దు అని దాని సారం. నతాలిస్ ద వైయీ రాసిన ఆ సర్క్యులర్ మీదే ఇవాళ ప్రపంచంలో ఆర్కైవ్స్ అన్నీ నడుస్తున్నాయి. అప్పటికి యానాం ఫ్రెంచివాళ్ల ఊరే.

ఎందుకలా? ఒక ఎర్రగుడ్డ మూట తీసుకో. ముడి విప్పకముందే ఫొటో తీసుకో. గుడ్డ మీద అతికించిన చీటీలో ఏముందో రాసుకో. ముడి విప్పాక పై కాగితం నుంచి కింది కాగితం దాకా పెన్సిలుతో, మూల మీద, మెల్లగా నంబర్లు వేసుకుంటూ పో. మధ్యలో ఒక భూమి దావా, దానికి గుండుసూదితో గుచ్చిన ఒక పెళ్లి శుభలేఖ, దాని వెనక ఒక కిరాణా చిట్టా ఉన్నాయనుకో. సర్దేవాడైతే శుభలేఖను పెళ్లిళ్లలో పడేస్తాడు, చిట్టాను చెత్తలో పడేస్తాడు. ఆ శుభలేఖ అక్కడ ఎందుకుందంటే, దావాలో ఎవరు ఎవరికి అల్లుడో రుజువు చెయ్యడానికి వకీలు దాన్ని గుచ్చాడు. విడదీశావా, దావా అర్థం పోయింది, శుభలేఖ అర్థమూ పోయింది. తుప్పు పట్టిన గుండుసూది తీసెయ్, తియ్యాలి కూడా. కానీ ఆ రెండూ కలిసి ఉండేవని రాసి, ఒకే కాగితం మడతలో పెట్టు.

యానాం కాగితాల కోసం యానాంలో వెతకకు

1776 జూన్‌లో ఫ్రెంచి రాజు ఒక శాసనం చేశాడు: వలసల్లో రాసే రిజిస్టర్లకు అదనపు ప్రతి రాయించి ఫ్రాన్సుకు ఓడలో పంపాలని. తుపాన్లకూ చెదలకూ యుద్ధాలకూ భయపడి చేసిన ఏర్పాటది. 1839 నవంబరులో కోరంగిని సముద్రం ముంచెత్తిన సంగతి తెలిసినవాళ్లకు ఆ భయం అర్థమవుతుంది. ఆ ప్రతులే ఇప్పుడు ఎక్స్‌లో ఉన్నాయి. తర్వాత 1956 మే 28న దిల్లీలో సంతకమై, 1962 ఆగస్టు 16 నుంచి అమలైన ఒప్పందంలో కాగితాలనూ పంచుకున్నారు: చరిత్ర విలువ ఉన్నవి ఫ్రాన్సుకు, పాలనకు కావలసినవి భారతదేశానికి. జాతీయ ఆర్కైవ్స్‌కు పుదుచ్చేరిలో ఒక రికార్డు కేంద్రం ఉంది. యానాం చుట్టూ ఉన్నది బ్రిటిషు గోదావరి జిల్లా కాబట్టి, ఈ ఊరి గురించి కలెక్టర్లు రాసుకున్న ఉత్తరాలు కాకినాడ వైపు, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ వైపు వెళ్లాయి. ఒక ఊరి చరిత్ర మూడు నాలుగు చోట్ల ముక్కలై ఉంటే, ఏ ముక్క ఎక్కడుందో చూపించే పట్టిక రాయడమే ఇక్కడి ఆర్కైవిస్టు చెయ్యగల అతి గొప్ప పని. దానికి జీతం అక్కర్లేదు, పోస్టు అక్కర్లేదు. ఇవాళే మొదలుపెట్టొచ్చు.

సర్కారు కాగితంలో దొరకనిది కూడా చాలా ఉంది. బాల్య వివాహాలను నిషేధించిన శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న బ్రిటిషు ఇండియాలో అమల్లోకి వచ్చింది. ఫ్రెంచివాళ్ల కింద ఉన్న యానాంలో అది చెల్లేది కాదు. దాంతో చుట్టుపక్కల జిల్లాల నుంచి చిన్నపిల్లలను ఇక్కడికి తీసుకొచ్చి పెళ్లిళ్లు చేసి, మళ్లీ హద్దు దాటించి ఇంటికి తీసుకెళ్లేవాళ్లు. పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకునే సంగతే. ఆ పిల్లల సంగతి నాకు మనసులోంచి పోదు. పక్క జిల్లా నుంచి వచ్చి, పురోహితుడి మంత్రాలతో పెళ్లయి, రాత్రికి రాత్రి బండెక్కి వెళ్లిపోయిన ఆడపిల్ల ఊసు సర్కారు రిజిస్టరులో దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. వెతకాల్సింది పురోహితుల ఇళ్లలో ఉన్న ముహూర్తాల పుస్తకాలు, సత్రాల ఖర్చు లెక్కలు, మేళగాళ్లకు, బండివాళ్లకు, పడవవాళ్లకు ఇచ్చిన కూలి చిట్టాలు, ఆ ఇళ్లలో మిగిలిన శుభలేఖలు. ఇవి ఏ ఆర్కైవ్స్‌లోనూ చేరలేదు, ఎవరూ కట్టగట్టి ఇవ్వరు. వీధి వీధి తిరిగి, అరుగు మీద కూర్చుని, "తాతగారూ, మీ నాన్నగారి లెక్కల పుస్తకాలు ఏమైనా ఉన్నాయాండీ?" అని అడగాలి. అడిగినప్పుడు తీసుకెళ్తానని అనకు. చూసి, రాసుకుని, ఫొటో తీసుకుని, అక్కడే వదిలేసి రా. రెండోసారి వెళ్లినప్పుడు అటకమీది పెట్టె వాళ్లే దించుతారు.

ముందు జాబితా, తర్వాతే స్కాన్

ఇప్పుడు ప్రతివాళ్లూ స్కాన్ చెయ్యమంటారు. ఫోనుతో అయిదువేల ఫొటోలు తీసి, ఏది ఏ మూటలోదో తెలియని అయిదువేల ఫైళ్లు పోగేస్తే కాగితాల చిందరవందర కాస్తా కంప్యూటరులోకి మారిందంతే. ప్రతి దస్త్రానికీ ఆరు మాటలు రాయి: ఎవరు తయారుచేశారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్ని పుటలు, ఏ భాష, ఏముంది, మన దగ్గరకు ఎలా వచ్చింది. ఆ జాబితా ఉంటే స్కాన్ రేపైనా చెయ్యొచ్చు. కంప్యూటరు ఫైలు కాగితం కన్నా త్వరగా చస్తుందనీ మర్చిపోకు. ఇరవై ఏళ్ల కిందట అను ఫాంట్లలో కొట్టిన తెలుగు, ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే పిచ్చి గీతలుగా కనిపిస్తుంది. వాటిని యూనికోడ్‌లోకి మార్చి, పక్కన పీడీఎఫ్ ప్రతి ఉంచడం కూడా ఇప్పుడు ఆర్కైవిస్టు పనే.

రొయ్యల కోల్డ్ స్టోరేజీవాళ్లతో స్నేహం పెట్టుకో

యానాంలో రికార్డు గదికి అసలు శత్రువు నీళ్లు. 1986 ఆగస్టు గోదావరి వరద, 1996 నవంబరు 6 తుపాను, 2022 జులై వరద, ఇవన్నీ బతికున్న మనుషులకు గుర్తున్నవే. వరద తగ్గాక మనవాళ్లు చేసే మొదటి పని తడిసిన పుస్తకాలను డాబా మీద ఎండలో పరచడం. రెండోది ఇస్త్రీ పెట్టె పెట్టడం. రెండూ కాగితాన్ని చంపుతాయి. ఎండకు అట్టలు మెలి తిరుగుతాయి, పుటలు అంటుకుపోతాయి, రబ్బరు స్టాంపుల సిరా చెదిరిపోతుంది.

మన వాతావరణంలో తడి కాగితానికి రెండు రోజుల్లో బూజు పడుతుంది. ఆ రెండు రోజుల్లో వందల రిజిస్టర్లు ఆరబెట్టడం ఎవరివల్లా కాదు. కాబట్టి గడ్డకట్టించాలి. ప్రపంచంలో పెద్ద లైబ్రరీలన్నీ వరదొచ్చినప్పుడు చేసేది ఇదే. మైనస్ ఇరవై డిగ్రీల దగ్గర బూజు పెరగదు, నీకు నెలల గడువు దొరుకుతుంది. అంత చలి మన దగ్గర ఎక్కడుందంటే రొయ్యలు ఎగుమతి చేసే ప్లాంట్లలో ఉంది. వరద రాకముందే వెళ్లి మాట్లాడు, గది మూలన కొంత చోటు అడుగు, ఫోను నంబరు గోడ మీద రాసి పెట్టు. తడిసిన రిజిస్టరును తెరవకు. మూసినది మూసినట్టే పట్టుకుని, బురద ఉంటే మంచినీళ్లలో ఒకసారి ముంచి తియ్యి, రుద్దకు. ప్లాస్టిక్ కాగితం చుట్టి, శుభ్రమైన క్రేటులో కుట్టు ఉన్న వైపు కిందికి వచ్చేలా నిలబెట్టు, కిక్కిరియనివ్వకు. తర్వాత కొద్దికొద్దిగా బయటికి తీసి, నీడలో, ఫ్యాను గాలికి, పుటల మధ్య అచ్చు లేని తెల్ల కాగితం పెడుతూ ఆరబెట్టు. ఒక రిజిస్టరుకు రోజులు పడుతుంది. పట్టనీ.

రికార్డు గదికి ఏసీ అడగొద్దు. పగలు వేసి సాయంత్రం కట్టేసే ఏసీ కన్నా ఎప్పుడూ గాలాడే కిటికీ, ఎప్పుడూ తిరిగే ఫ్యాను నయం. చల్లబడ్డ కాగితం రాత్రి తేమను పీల్చుకుంటుంది, ఆ ఎత్తుపల్లాలే దాన్ని పాడుచేస్తాయి. మేడ మీద గది అడుగు. గోడకు అంటకుండా రాక్‌లు వేయించు.

కొన్ని చిన్నవి. కాగితాన్ని తెల్ల గ్లవుజులతో ముట్టుకోకు, కడిగి ఆరిన చేతులతో పట్టుకో. గ్లవుజు వేలికి అంచు తెలియదు, చిరుగుతుంది. ఫొటోలకు మాత్రం గ్లవుజులు కావాలి. లామినేషన్ చేయించకు, ఊడదీసే దారి లేదు. సెల్లోటేపు అసలే వద్దు. రికార్డు గదిలో పెన్ను జేబులోంచి తియ్యకు.

పారెయ్యడం నేర్చుకో

పాత కాగితమంటే ప్రేమ ఉన్నవాడికి ఇది కష్టం. కానీ అన్నీ దాచేవాడు ఏదీ దాచలేడు. బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్ ప్రభుత్వ కాగితాల్లో నూటికి అయిదు పాళ్ల లోపే శాశ్వతంగా ఉంచుతుంది. స్టేషనరీ ఇండెంట్లు, ఒకే సర్క్యులరుకు పదిహేను నకళ్లు గదిని నింపేస్తే, వరద రోజున వాటితోపాటు 1850ల దస్త్రమూ మునుగుతుంది. చట్టం ఒప్పుకున్నవాటిని, ఏం తీసేశావో పట్టిక రాసి, అధికారి సంతకం పెట్టించి తీసెయ్. ఆ పట్టిక మాత్రం శాశ్వతం.

అడిగినవన్నీ చూపించకు

1881 సెప్టెంబరు 21 డిక్రీ కింద తమ ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి పౌరచట్టంలోకి వెళ్లిన కుటుంబాలున్నాయి. 1962లో ఒప్పందం అమలయ్యాక ఆరు నెలల గడువులో ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకుంటామని రాసిచ్చినవాళ్లున్నారు. అందుకే పూర్వపు ఫ్రెంచి ఊళ్లలో తాతగారి జనన నమోదు కోసం ఇప్పటికీ వెతుకులాట ఉంది. ఆ ఒక్క పేజీ మీద ఒక ఇంటి పౌరసత్వం, పింఛను, పిల్లల చదువు ఆధారపడతాయి. కాబట్టి పేజీ దిద్దమని, తేదీ మార్చమని, పక్కింటివాళ్ల కాగితం చూపించమని నీ దగ్గరకు వస్తారు. చుట్టరికం కలుపుకుని వస్తారు, మిఠాయి పెట్టెతోనూ వస్తారు. ఫ్రాన్సులో జనన రిజిస్టరు 75 ఏళ్లు దాటితే గానీ అందరికీ తెరవరు. బతికున్న మనిషి కులం, పుట్టుక, కేసులు ఊరందరికీ తెలియాల్సినవి కావు. "కుదరదండీ" అనడం మన ఊళ్లో కష్టమే. అది చెప్పలేకపోతే ఈ పనిలోకి రావొద్దు.

ఇంత చదివాక కూడా నీకు మనసు మారకపోతే, ఒక పని చెయ్యి. ఈ భోగికి ముందు ఇల్లు దులిపేటప్పుడు అటకమీద నుంచి దించే పాత కాగితాల కట్టలను మంటకు ఇవ్వకుండా ఆపు. 1954 జూన్‌లో విమోచన ఉద్యమం నాటి కరపత్రం ఉండొచ్చు, తాతగారి రేవు కూలి చిట్టా ఉండొచ్చు. ఏమున్నాయో పెన్సిలుతో ఒక జాబితా రాయి, ఒక ప్రతి ఇంట్లో ఉంచు, ఇంకో ప్రతి మీ ఊరి లైబ్రరీలో ఇవ్వు. పక్కింటివాళ్లనూ అలాగే చెయ్యమని అడుగు.